పర్లాకిమిడి కిటికీ, పాతపట్నం అద్దం: టేపు చెప్పే కొలత ఎంతవరకు నిజం?

పర్లాకిమిడిలో మా వెనక గది కిటికీ అద్దం పగిలింది. వడ్రంగి మేస్త్రి వచ్చి చట్రంలో గాడి నుంచి గాడికి టేపు పెట్టి 1184 మిల్లీమీటర్లన్నాడు. అద్దం కొంచెం ఆడాలి కాబట్టి నాలుగు తగ్గించి 1180 అని చీటీ రాశాం. ఒడిశా సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడ అద్దాలు కోసే దుకాణానికి చీటీ పంపాం. సాయంత్రానికి అద్దం వచ్చింది. చట్రంలో మాత్రం పట్టలేదు.

"టేపు తప్పు చెప్పదు మాస్టారూ, అద్దం కోసినోడే ఎక్కువ కోసీసినాడు" అన్నాడు మేస్త్రి. ఫోన్ చేస్తే దుకాణం అతను, "మా టేపులో సరిగ్గా పదకొండు వందల ఎనభై ఉంది, మీ టేపే తేడా" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. మర్నాడు మీటరున్నర పొడవున్న ఉక్కు స్కేలు తెచ్చి మళ్లీ కొలిచాను. గాడి 1181 ఉంది, అద్దం 1180.5 ఉంది. నాలుగు మిల్లీమీటర్లు వదిలామనుకున్న చోట మిగిలింది అర మిల్లీమీటరు.

ఆ మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయో వెతుకుతూ వెళ్తే, టేపు, స్కేలు, వెర్నియర్, స్క్రూగేజీ లాంటి మామూలు పరికరాల గురించి మనలో చాలామందికి ఉన్న అయోమయమంతా ఒక్కొక్కటే బయటపడింది. పైగా ఇప్పుడు ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. టేపు కొస ఊగుతుంటే అది నకిలీదని ఒకరంటారు, లేజర్ మీటరు వచ్చాక టేపు పారేయొచ్చని ఇంకొకరంటారు. అందుకే ఈ వ్యాసాన్ని మొదటి మెట్టు నుంచి మొదలుపెడుతున్నాను.

మూర పూలలో దాగిన రెండు సంగతులు

మనం మాటల్లో "కచ్చితం" అనే ఒక్క పదాన్ని రెండు వేర్వేరు గుణాలకు వాడేస్తాం. గుడి దగ్గర పూలమ్మే ఇద్దరిని తలుచుకోండి. మొదటామె ఎన్నిసార్లు కొలిచినా ఆమె మూర ఒకేలా ఉంటుంది. అదే మోచెయ్యి, అదే వేలి కొస. కానీ ఆమె చెయ్యి పొట్టిది. రెండో ఆమె చెయ్యి పొడవే గానీ బేరం జోరు మీదుంటే ఒకసారి వేలి కొస దాకా, ఒకసారి మణికట్టు దాటి కొంచెం దాకా కొలిచేస్తుంది. మొదటామె కొలతకు నిలకడ ఉంది. రెండో ఆమె కొలతలన్నిటికీ సగటు తీస్తే అది మన లెక్కలో ఉన్న మూరకు దగ్గరగా రావచ్చు, కానీ ఏ ఒక్క మూరనూ నమ్మలేం.

పాఠ్యపుస్తకాలు నిజానికి దగ్గరగా ఉండటాన్ని యథార్థత అనీ, మళ్లీ మళ్లీ కొలిచినా ఒకేలా రావడాన్ని ఖచ్చితత్వం అనీ అంటాయి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి వాటిని నిజం, నిలకడ అనే పిలుస్తాను. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, నిలకడ లేకపోవడం కొలిచేవాడికి అక్కడే కనిపిస్తుంది. మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి, అనుమానం పుడుతుంది. నిజం లేకపోవడం అలా కనిపించదు. అరిగిన టేపుతో వందసార్లు కొలిచినా వందసార్లూ అదే తప్పు అంకె వస్తుంది, దాంతో నమ్మకం ఇంకా పెరుగుతుంది. ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే చేతి ఊగిసలాట తగ్గుతుందే గానీ పొట్టి చెయ్యి పొడుగవదు.

గీతకూ గీతకూ మధ్య ఎంత?

పరికరం మీద చదవగలిగిన అతి చిన్న విలువ కనీసపు కొలత. బడి స్కేలుకు, టేపుకు అది 1 మి.మీ. దీని చుట్టూ ఉపాధ్యాయుల మధ్య పాత వాదం ఒకటుంది. మిల్లీమీటరు గీతలున్న స్కేలుతో కొలిచిన పొడవులో ఎంత అనిశ్చితి ఉన్నట్టు?

కనీసపు కొలతలో సగం, అంటే అటూ ఇటూ 0.5 మి.మీ. అని ఒక వర్గం. దగ్గరి గీతకు సవరించి చదివితే అంతకంటే ఎక్కువ తప్పు రాదు కదా అని వాళ్ల తర్కం. పూర్తి 1 మి.మీ. అని రెండో వర్గం. పొడవంటే రెండు కొసలు, సున్నా దగ్గర ఒక సగం, అవతలి కొస దగ్గర ఇంకో సగం పోవచ్చు అంటారు వీళ్లు. రెండూ అర్థమున్న మాటలే. రెండు కొసల తప్పులకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోతే ఒక్కోసారి కలుస్తాయి, ఒక్కోసారి కొట్టివేసుకుంటాయి. అప్పుడు వర్గాలు కూడి వర్గమూలం తీస్తారు: 0.5 వర్గం, 0.5 వర్గం కలిపితే 0.5, దాని వర్గమూలం సుమారు 0.7. అంటే నిజం ఇద్దరి మధ్యలో ఉంది. నా మటుకు నేను వడ్రంగి పనికి 1 అనే పట్టుకుంటాను. ఒక మిల్లీమీటరు తగ్గిన చెక్క అతకదు.

ఇక్కడే కన్ను చేసే మోసం కూడా చెప్పాలి. స్కేలుకు మందం ఉంటుంది, గీతలు పైనుంటాయి, కొలిచే అంచు కింద ఉంటుంది. పక్క నుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది. 2 మి.మీ. మందమున్న స్కేలును నిటారు నుంచి 30 డిగ్రీలు పక్కకు వంగి చూస్తే గీత 1 మి.మీ. కన్నా కొంచెం ఎక్కువే జరిగినట్టుంటుంది. మంచి ఉక్కు స్కేళ్లు పల్చగా ఉండటానికి కారణం ఇదే, గీత వస్తువును తాకాలని.

టేపు మీద ఉండే రోమన్ అంకె

గీతలు దగ్గరగా ఉండటం ఒక సంగతి, అవి సరైన చోట ఉండటం ఇంకో సంగతి. టేపు తయారయ్యేటప్పుడే గీతలు కొంత జరుగుతాయి. ఎంతవరకు జరగొచ్చో అంతర్జాతీయ చట్టబద్ధ కొలతల సంస్థ ఓఐఎంఎల్ మూడు తరగతులుగా చెప్పింది. చాలా టేపుల మొదటి అడుగులో చిన్న గుండ్రటి గీత లోపల రోమన్ అంకెలో ఒకటో, రెండో ముద్రించి ఉంటుంది. అదే తరగతి.

లెక్క సులువే. మొదటి తరగతికి 0.1 మి.మీ., దానికి మీటరుకు 0.1 చొప్పున కలపాలి. రెండో తరగతికి 0.3, మీటరుకు 0.2. మూడో తరగతికి 0.6, మీటరుకు 0.4. పొడవు మీటర్లలో చిల్లర ఉంటే పై అంకె తీసుకోవాలి.

మా కిటికీ 1.18 మీటర్లు, అంటే లెక్కకు 2. రెండో తరగతి టేపుకు 0.3 + 0.4 = 0.7 మి.మీ. అంటే పర్లాకిమిడి టేపు 0.7 ఎక్కువ చూపొచ్చు, పాతపట్నం టేపు 0.7 తక్కువ చూపొచ్చు. రెండూ నియమానికి లోబడ్డ టేపులే, అయినా వాటి మధ్య 1.4 మి.మీ. తేడా రావచ్చు. అయిదు మీటర్ల దగ్గర ఇదే తేడా 2.6 దాకా వెళ్తుంది. తరగతి గుర్తు లేని టేపుకు ఈ పాటి హామీ కూడా లేదు.

హామీ ఎక్కడినుంచి వస్తుంది? 1983 నుంచి మీటరంటే శూన్యంలో కాంతి సెకనులో 299792458వ వంతు కాలంలో పోయే దూరం. ఆ మీటరును మన దేశంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిలబెడుతుంది. దానితో పోల్చిన ప్రామాణికాలు భువనేశ్వర్ లాంటి చోట్ల ఉన్న ప్రాంతీయ ప్రామాణిక ప్రయోగశాలలకు, అక్కడినుంచి జిల్లాల్లో తూనికలు కొలతల అధికారులకు చేరతాయి. బట్టల దుకాణంలో మీటరు కడ్డీ కొసన కొట్టిన ముద్ర ఆ గొలుసులో చివరి లంకె.

ఊగే కొస నకిలీ కాదు

ఇక వీడియోలు భయపెడుతున్న సంగతి. స్టీలు టేపు కొసన ఉండే ఇనప కొక్కెం రివిట్ల దగ్గర వదులుగా, సుమారు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కదులుతుంది. అది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు.

బల్ల అంచుకు కొక్కెం తగిలించి లాగితే బల్లను తాకేది కొక్కెం లోపలి ముఖం. చట్రం లోపల పెట్టి గోడకు నొక్కితే గోడను తాకేది కొక్కెం బయటి ముఖం. రెండు ముఖాల మధ్య కొక్కెం మందం ఉంది. కొక్కెం కదలకపోతే రెండింటిలో ఏదో ఒక కొలత ఆ మందం మేర తప్పు రావాల్సిందే. అందుకే లాగినప్పుడు సరిగ్గా తన మందమంత బయటికి, నొక్కినప్పుడు అంతే లోపలికి జరిగేలా చేస్తారు. సున్నా ఎప్పుడూ తాకిన ముఖం దగ్గరే ఉంటుంది.

కాబట్టి చూడాల్సింది కొక్కెం కదులుతోందా అని కాదు, ఎంత కదులుతోందని. తుప్పో, పుట్టీయో పట్టి బిగుసుకుపోతే ఒక రకం తప్పు. కింద పడీ పడీ, వదిలేసిన టేపు కొస డబ్బాకు టపీమని తగిలీ తగిలీ రివిట్ల రంధ్రాలు సాగిపోతే ఇంకో రకం. మా మేస్త్రి టేపుది రెండో జబ్బు. కొక్కెం మందం ఒక మిల్లీమీటరు, అది కదిలేది రెండు. నొక్కినప్పుడు ఉండాల్సిన దానికన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోతోంది, టేపు ఒక మిల్లీమీటరు ఎక్కువ చదువుతోంది.

మిగతా రెండు మిల్లీమీటర్లు అవతలి మూలలో పోయాయి. లోపలి కొలత తీసేటప్పుడు టేపు మూల దగ్గర వంపు తిరిగి పైకి లేస్తుంది, మూల ఏ గీత దగ్గరుందో కంటితో ఊహించాల్సి వస్తుంది. టేపు డబ్బా వెనక భాగాన్ని మూలకు ఆనించి డబ్బా పొడవు కలుపుకుంటే ఈ ఊహ అక్కర్లేదు. చాలా డబ్బాల మీద ఆ పొడవు ముద్రించి ఉంటుంది. చివరి అర మిల్లీమీటరు రెండు టేపుల మధ్య తేడా, ఇందాకటి లెక్క ఒప్పుకునేదే. అంటే ఒక మిల్లీమీటరు టేపు ఒంటి జబ్బు, రెండు చేతివి, అర తయారీది.

ముప్పై మీటర్ల టేపు పొలంలోకి దిగితే

పొడవు పెరిగే కొద్దీ కథ మారుతుంది. పొలం గట్ల దగ్గర గొడవ టేపు గీతల గురించి కాదు, ఎండ గురించి, ఏటవాలు గురించి.

ఉక్కు వేడికి సాగుతుంది. డిగ్రీకి మీటరుకు సుమారు 0.0115 మి.మీ. టేపు గీతలు సరిగ్గా ఉండేది 20 డిగ్రీల దగ్గర. వేసవిలో ఎండలో పడున్న టేపు 50 డిగ్రీలకు చేరిందనుకోండి. 30 మీటర్లు, 30 డిగ్రీల తేడా: 30 × 30 × 0.0115 = సుమారు 10 మి.మీ. టేపు సాగింది కాబట్టి గీతలు దూరమయ్యాయి, నేల తక్కువగా కనిపిస్తుంది. ఎకరం మీద ఇది ఎంతవుతుందో చూద్దాం. పొడవులో 0.0345 శాతం, వైశాల్యంలో దానికి రెట్టింపు, 43560 చదరపు అడుగుల ఎకరంలో సుమారు 30 చదరపు అడుగులు. అటు శ్రీకాకుళం వైపు సెంటన్నా, ఇటు గజపతి జిల్లాలో డిసిమిల్ అన్నా ఎకరంలో నూరో వంతే, 435.6 చదరపు అడుగులు. కాబట్టి ఎండ తినేది సెంటులో పద్నాలుగో వంతు కన్నా తక్కువ.

వేలాడటం చూద్దాం. 30 మీటర్ల టేపు మధ్యలో 30 సెం.మీ. కిందికి జారితే అదనంగా పట్టే పొడవు 8 మి.మీ. మధ్యలో పొద అడ్డొచ్చి టేపు 30 సెం.మీ. పక్కకు వంగితే 6 మి.మీ. ఇవి రెండూ పొడవును ఎక్కువ చూపిస్తాయి, ఎండ తక్కువ చూపిస్తుంది. ఒక్కోసారి కొట్టివేసుకుంటాయి, కానీ దాన్ని నమ్ముకోలేం.

వీటన్నిటినీ మింగేసేది ఏటవాలు. మహేంద్రగిరి వైపు సవరల కొండపొలాలు చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. పటంలో, రికార్డులో ఉండేది అడ్డంగా సమతలంలో దూరం. వాలు వెంట 30 మీటర్లు కొలిస్తే, ఒక కొస ఇంకో కొసకన్నా 1 మీటరు ఎత్తున ఉంటే అసలు దూరం 29.983 మీటర్లు, తేడా 17 మి.మీ. అదే 3 మీటర్ల ఎత్తయితే తేడా 15 సెం.మీ. ఎత్తు మూడింతలైతే తప్పు తొమ్మిదింతలైంది. ఇది టేపు ఎంత ఖరీదైనదైనా తప్పదు. పాత సర్వేయర్లు 66 అడుగుల గంటర్ గొలుసును వాలు మీద మెట్లు మెట్లుగా, గుండు వేలాడదీసుకుంటూ, అడ్డంగా పట్టుకుని కొలిచింది ఇందుకే. ఆ గొలుసులో నూరు లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ముతక పరికరమే, కానీ దాన్ని పట్టుకునే పద్ధతి తెలిసినవాడి చేతిలో అది వాలు మీద పరిచిన కొత్త స్టీలు టేపు కన్నా నిజం చెప్పింది.

సూతు, గాజు, రైలు పట్టా: అంగుళం ఇంకా ఎందుకు వదల్లేదు

మా వైపు ఒడియా, హిందీ మేస్త్రుల నోట్లో "సూత్" అనే మాట నలుగుతుంటుంది. అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మి.మీ. ఇల్లు కట్టేచోట మూడు సూతుల ఊచ అంటే 10 మి.మీ. ఊచ, నాలుగు సూతులంటే 12, అయిదంటే 16. గుణించి చూడండి: 9.525, 12.7, 15.875. ఒకటి కొంచెం పెరిగింది, ఒకటి తగ్గింది, ఒకటి దాదాపు సమానం. సూతు ఇక్కడ కొలత కాదు, పేరు. దాన్ని పట్టుకుని ఊచ పల్చబడిందని గొడవపడితే ప్రయోజనం లేదు. చూడాల్సింది మిల్లీమీటర్ల సైజు.

గాజుల సైజు ఇంకా తమాషాగా ఉంటుంది. "రెండు-నాలుగు", "రెండు-ఆరు" అని అడుగుతాం. వాటిని 2.4, 2.6 అని రాసేసరికి ఆన్‌లైన్‌లో కొనే పిల్లలు దశాంశమనుకుంటున్నారు. నిజానికి చుక్క తర్వాతది అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంపావు అంగుళం, లోపలి వ్యాసం 57.15 మి.మీ. 2.8 అంటే రెండున్నర, 63.5 మి.మీ. 2.10 అంటే రెండు అంగుళాల పది పదహారో వంతులు, సుమారు 66.7 మి.మీ. దశాంశంగా చదివితే 2.10 చిన్నది, చేతికి వేసుకుంటే పెద్దది. సైజుకూ సైజుకూ మధ్య రెండు పదహారో వంతులు, అంటే మళ్లీ ఆ ఒక్క సూతే. మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టడానికి మామూలు స్కేలు చాలు, వెర్నియర్ అక్కర్లేదు. పని కోరే తేడాకన్నా పరికరం కనీసపు కొలత బాగా చిన్నదైతే చాలు.

1959 నుంచి అంగుళం అంటే 25.4 మి.మీ., ఒక్క నలుసు అటూ ఇటూ కాదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, 30 అంగుళాలు, సరిగ్గా 762 మి.మీ. ఇప్పుడున్న బ్రాడ్‌గేజ్ అయిదున్నర అడుగులు, 66 అంగుళాలు, లెక్క కడితే 1676.4 మి.మీ. రైల్వే రాసేది 1676. ఆ 0.4 ఏమైంది? పట్టాలు బిగించేటప్పుడూ, రైళ్లు తిరిగాక అరిగినప్పుడూ మిల్లీమీటర్ల మేర జరుగుతాయి. అలాంటి చోట పదో వంతు రాస్తే, లేని నిక్కచ్చితనాన్ని ఉన్నట్టు చెప్పినట్టవుతుంది. అంకెలు ఎన్ని రాయాలో పరికరం ఒక్కటే కాదు, వస్తువు కూడా నిర్ణయిస్తుంది.

అంగుళమా, మిల్లీమీటరా అన్న వాదంలో రెండు వైపులా బలముంది. 2009 నాటి చట్టబద్ధ కొలతల చట్టం ప్రకారం క్రయవిక్రయాలు మెట్రిక్‌లోనే సాగాలి. కూడికలు, తీసివేతలు అందులోనే సులువు. సగం, పావు, అరపావుగా విరగ్గొట్టే పనికి అంగుళం చేతికి వచ్చినట్టు మిల్లీమీటరు రాదని మేస్త్రులంటారు, అదీ నిజమే. పెద్ద ప్రమాదం రెండూ కలిపి వాడటంలో ఉంది. ఒకడు "నలభై ఆరున్నర" అని అంగుళాల్లో చెప్తే ఇంకొకడు 118 సెం.మీ. అని రాసుకుంటాడు. అసలు విలువ 1181.1 మి.మీ. ఆ ఒక్క మార్పిడిలోనే మిల్లీమీటరు పైన పోయింది.

రేకు మందం: స్కేలు చేతులెత్తేసే చోటు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేశాక ఇక్కడ ఎన్నో ఇళ్లకు రేకులు కొత్తగా వేశారు. రేకు కొనేటప్పుడు 0.50, 0.45 అనే అంకెలు వినిపిస్తాయి. గేజీ అంకెలూ వినిపిస్తాయి, అక్కడ అంకె పెరిగితే మందం తగ్గుతుంది. పాత బ్రిటిష్ పట్టికలో 24 గేజీ 0.559 మి.మీ., 26 గేజీ 0.457.

0.50కీ 0.45కీ తేడా అంతా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. స్కేలుకు ఇది కనిపించదు. వెర్నియర్ కాలిపర్స్‌కు కనిపిస్తుంది. దాని మర్మం చాలా చిన్నది. కదిలే స్కేలు మీద 49 మి.మీ. పొడవును 50 భాగాలు చేస్తారు, ఒక్కో భాగం 0.98 మి.మీ. అసలు గీతకూ దీనికీ 0.02 తేడా. ఎన్నో గీత అసలు స్కేలు గీతతో ఒకే వరుసలోకి వచ్చిందో చూసి 0.02తో గుణిస్తే చిల్లర తెలుస్తుంది. 23వ గీత కలిస్తే 0.46. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో పట్టడంలో మనిషి కన్ను దిట్ట, దూరాన్ని అంచనా కట్టడంలో కాదు. పియరీ వెర్నియర్ 1631లో పట్టుకున్నది ఆ సంగతినే.

స్క్రూగేజీ ఇంకో దారిన వెళ్తుంది. ఒక చుట్టుకు అర మిల్లీమీటరు ముందుకు పోయే మర, చుట్టూ 50 గీతలు, ఒక్కో గీతకు 0.01 మి.మీ. నేను తీసుకున్న రేకు ముక్క వెర్నియర్ కింద ఒకసారి 0.46, ఒకసారి 0.48 అంది. స్క్రూగేజీ 0.49 అంది. కానీ ఖాళీగా మూస్తే ఆ స్క్రూగేజీ 0.02 చూపిస్తోంది. అది శూన్యాంశ దోషం. తీసేస్తే 0.47. మూడుసార్లూ అదే వచ్చింది.

స్క్రూగేజీ గెలవడానికి గీతలొక్కటే కారణం కాదు. కాలిపర్స్‌లో వస్తువు దవడల మధ్య కింద ఉంటుంది, స్కేలు పైన ఉంటుంది. దవడ గట్టిగా నొక్కితే అది రవ్వంత వాలుతుంది, ఆ వాలు స్కేలు మీద కనిపించదు. స్క్రూగేజీలో వస్తువూ, మరా ఒకే గీత మీద ఉంటాయి, వాలడానికి చోటే లేదు. కొలిచేదీ, కొలిచే స్కేలూ ఒకే వరుసలో ఉండాలని ఎర్నెస్ట్ అబ్బే 1890లో చెప్పాడు. పైగా స్క్రూగేజీ కొసన కిరకిరమనే రాచెట్ ప్రతిసారీ ఒకే బలంతో నొక్కుతుంది. నా విద్యార్థులు ఎక్కువమంది దాన్ని వదిలేసి పెద్ద డ్రమ్మునే పట్టుకుని బిగించేవారు, పల్చటి రేకు మీద అది రెండు మూడు గీతల తేడా తెచ్చేది.

డిజిటల్ కాలిపర్స్ గురించి ఒక్క మాట. తెర మీద 0.01 వెలుగుతుంది, కానీ దానితో వచ్చే కాగితంలో అనుమతించిన తప్పు సాధారణంగా అటూ ఇటూ 0.02 నుంచి 0.03 అని ఉంటుంది. చివరి అంకె కనిపిస్తుంది, కానీ అది నిజమని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. చదవడం సులువు, కంటి తప్పు ఉండదు, ఆ మేరకు అది మేలే. బ్యాటరీ అయిపోవడం, తెర చూసి అతిగా నమ్మడం దాని బలహీనతలు.

మరి 0.50 అని అమ్మిన రేకు 0.47 ఉంటే మోసమేనా? అంత తొందరపడకూడదు. రంగు రేకుకు జింకు పూత, దాని మీద రంగు ఉంటాయి, అన్నీ కలిపి మందంలో కొన్ని వందో వంతులు. పూతలతో మొత్తం మందం చెప్పేవాళ్లున్నారు, ఉత్త ఉక్కు మందం చెప్పేవాళ్లున్నారు. తయారీకి అనుమతించిన హెచ్చుతగ్గులూ ఉంటాయి. కొలత 0.47 అని మాత్రమే చెప్పగలదు. దుకాణదారుణ్ని అడగాల్సిన ప్రశ్న, "మీ 0.50 పూతతోనా, పూత లేకుండానా?"

లేజర్ వస్తే టేపు పారేయాలా

చేతిలో పట్టుకునే లేజర్ మీటర్లకు తయారీదారులు చెప్పే తప్పు సాధారణంగా అటూ ఇటూ 1.5 నుంచి 2 మి.మీ. పది మీటర్ల హాలుకు రెండో తరగతి టేపు హామీ 2.3 మి.మీ., దానికి టేపు జారడం, అవతలి కొస పట్టుకున్నవాడి చెయ్యి కలుస్తాయి. అక్కడ లేజరే మేలు, ఒక్కడే కొలవొచ్చు కూడా. ముప్పై సెంటీమీటర్ల చెక్కకు టేపు హామీ 0.5. లేజర్‌కు అక్కడా అదే 2. చిన్న కొలతకు టేపు, పెద్ద కొలతకు లేజర్ అన్నమాట. కాంతి ఒక మిల్లీమీటరు పోవడానికి పట్టేది సెకనులో సుమారు ముప్పై వేల కోట్లో వంతు. అరచేతిలో పట్టే పెట్టె అంత చిన్న కాలం తేడాను పట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే. అయినా మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎర్ర చుక్క కనిపించదు, అద్దం మీద పడితే అది తిరిగి రాకపోవచ్చు. మా కిటికీ దగ్గర ఇవి రెండూ ఉన్నాయి.

గీతల్లేని కర్ర

రెండో అద్దానికి మేస్త్రి టేపు తియ్యలేదు. రెండు పల్చటి కర్ర బద్దలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి, గాడిలో పెట్టి, ఒకటి ఈ మూలకు, ఒకటి ఆ మూలకు తగిలేదాకా జరిపాడు. తగిలాక రెండింటినీ కలిపి తాడుతో బిగించి కట్టేశాడు. పైన ఒకసారి, మధ్యన ఒకసారి, కింద ఒకసారి పెట్టి చూశాడు. కింద కాస్త బిగుతుగా ఉందని అక్కడికి సరిపోయేలా జరిపి మళ్లీ కట్టాడు. చీటీ మీద ఒక్క మాటే రాశాం: ఈ కర్రకు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ.

ఆ కర్రకు కొక్కెం లేదు, తరగతి లేదు, అంగుళం నుంచి మిల్లీమీటరుకు మార్పిడి లేదు, మూలలో వంగే టేపు లేదు. పాతపట్నంలో టేపు వాడాల్సింది ఆ నాలుగు మిల్లీమీటర్లకే. నాలుగు మిల్లీమీటర్ల మీద రెండో తరగతి టేపు చేయగల తప్పు అర మిల్లీమీటరు. కర్రల జత ఎంత పొడవుందో మేస్త్రికి తెలియదు, దుకాణం అతనికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పని ఇద్దరికీ పడలేదు. అద్దం ఆటోలో తిరిగొచ్చింది, ఒక్క తోపుకు గాడిలో కూర్చుంది.

కర్రలు ఇంకా కట్టేసే ఉన్నాయి. తాడు విప్పకముందే ఉక్కు స్కేలు పెట్టి చూశాను. 1180.5.

"కింద బిగుతని సెప్పేను కదా మాస్టారూ" అన్నాడు మేస్త్రి. మొన్న నేను 1181 అని చదివింది గాడి మధ్యలో ఒక్కచోటే. కింద అర మిల్లీమీటరు తక్కువ ఉంది. మొదటి అద్దం వెడల్పు కూడా 1180.5.

టేపులో కొత్త కొక్కెం వేయించుకోమని మేస్త్రికి చెప్పాను. కొక్కెం విడిగా దొరకదని, టేపే కొత్తది కొంటానని అన్నాడు. కొనేటప్పుడు మొదటి అడుగులో గుండ్రటి గీత లోపల ఏ అంకె ఉందో చూడమన్నాను.